ఇద్దరు బిడ్డల తల్లి – ఫానీ బ్లాంకర్స్ కోయెన్

బిడ్డలను గన్న యాడుది పరుగుపందెములకు పోవుట యేమి చోద్యమను మాట మన యరుగులపై వినబడుట వింత కాదు. 1948 వ సంవత్సరమున హాలెండు దేశమునను ఇదే మాట వినవచ్చెను. బిడ్డల నింట విడిచి, పొట్టి నిక్కరు దొడిగి పరుగిడుట తల్లికి తగదని ఫానీ బ్లాంకర్స్ కోయెనుకు జాబులు వ్రాసినవారు పెక్కండ్రు.

ఈమె 1918 ఏప్రిల్ 26 వ తేదీన జన్మించెను. 1936 లో బెర్లిను ఒలింపిక్ క్రీడలకు పోయి, పతకము లేకయే తిరిగివచ్చెను. అమెరికా వీరుడు జెస్సీ ఓవెన్సు చేవ్రాలును మాత్రము సంపాదించుకొని పదిలముగ దాచుకొనెను. పిమ్మట మహాయుద్ధము వచ్చెను. 1940, 1944 క్రీడలు జరుగనేలేదు. 1940 లో తన శిక్షకుడైన యాన్ బ్లాంకర్సును పెండ్లాడెను. 1941 లో కొమారుడును, 1945 లో కొమార్తెయు గలిగిరి. జర్మనుల యేలుబడిలో దేశము క్రుంగియున్న ఆ దినములలోనే, 1943 లో, ఎత్తు దూకుటయందు 1.71 మీటర్లును, దూరము దూకుటయందు 6.25 మీటర్లును దూకి ప్రపంచమున స్త్రీలందరిని మించెను. అప్పటికి చంకబిడ్డకు రెండేండ్లు. పసివారిని వెంటగొని సాధనకు పోవుచుండెడిది.

లండను క్రీడలనాటికి ఈమెకు ముప్పదియేండ్లు. ఇంగ్లండు జట్టు పెద్ద యొకడు ఈమెకు వయస్సు మీరినదని పలికెను. భర్త ఆ మాటనే మాటిమాటికి జ్ఞప్తికి దెచ్చి రోషము బుట్టించెనట. ఈ నేర్పు మగవారికి ఏ దేశముననైనను ఒక్కటే కాబోలునని మేము నవ్వుకొంటిమి.

వానకు బురదయైన బాటపై నూఱు మీటర్లు 11.9 సెకండ్లలో ముగించెను. ఎనుబది మీటర్ల అడ్డుకంచెల పరుగులో ఈమెయు, ఇంగ్లండు కన్య మౌరీన్ గార్డ్నరును ఒక్క కాలముననే, 11.2 సెకండ్లకు, గీటు దాటిరి. అంతలో ఇంగ్లండు జాతీయగీతము మ్రోగెను. ఓడితినని ఫానీ గుండె జారినది. తీరా చూడగా ఆ గీతము రాజకుటుంబము వచ్చినందున వాయించినది! ఛాయాచిత్రము జూచి, గెలుపు ఫానీదే యని నిర్ణయించిరి.

ఆ పిదప జరిగినదే మాకు మిక్కిలి మనసున నాటినది. రెండు పతకములు గెలిచిన యా వనిత బిడ్డలపై బెంగగొని, ఇక పరుగిడజాలను, ఇంటికి పోదునని కన్నీరు గార్చెను. మానినచో పిమ్మట పశ్చాత్తాపపడుదువని భర్త నచ్చజెప్పెను. తల్లి మనసు బిడ్డలకడ లేదన్నవారు ఆ కన్నీటిని చూచిరో లేదో!

కన్నులు తుడుచుకొని రెండువందల మీటర్ల పందెమును 24.4 సెకండ్లలో గెలిచెను. చివరిదగు రిలేలో వెనుకబడిన తన జట్టు కఱ్ఱ నందుకొని, తుది యడుగులలో ముందువారిని దాటెను. నాలుగు స్వర్ణపతకములు! ఒక్క ఒలింపిక్కున పరుగులందు ఏ స్త్రీయు అంతకుమున్ను అన్ని గెలువలేదు. ఒకరు మూడింటికి మించి విడిపందెములలో దిగరాదను నియమముచే దూకుడులందు పాల్గొనలేదు గాని, ఆ యేట దూరము దూకుటలో గెలిచిన దూరము 5.69 మీటర్లు మాత్రమే.

1999 లో అంతర్జాతీయ క్రీడాసమాఖ్య ఈమెను శతాబ్దపు మేటి క్రీడాకారిణిగ నెన్నుకొనెను. 2004 జనవరి 25 న పరమపదించెను.

లండనునుండి వచ్చిననాడు ఆంస్టర్డాము వీధులలో నాలుగు తెల్లగుఱ్ఱములు పూన్చిన బండిపై ఈమె నూరేగించిరి. ఒక సైకిలును బహూకరించిరి. ఇకపై ఆమె అంతగా పరుగిడ నక్కఱలేదట!