ఫోన్‌లోనే పిల్లలకు లెక్కల పాఠం

"నాన్నా, దీనికి అంచులెన్ని?" అని పిల్లలు ఫోన్‌లో అడిగితే "అమ్మనడుగు" అని తప్పించుకునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. చదువు ఆపేసి ఏళ్లయిందన్న బెరుకే కారణం. నిజానికి ఈ ఘనాకారాల పాఠం రోజూ మన చేతుల్లో ఉండేదే.

ఊరికి సామాను సర్దే కార్టన్ ముందు పెట్టుకోండి. మూత మూసి చూస్తే అరచేయి ఆనే ఒక్కో చదునైన పక్క ఒక్కో ముఖం. రెండు ముఖాలు కలిసేచోట అంచు. అంచులు కలిసే మూల శీర్షం. లెక్కపెడితే ముఖాలు 6, అంచులు 12, శీర్షాలు 8. ఇది దీర్ఘఘనం.

సైట్లో కాంక్రీటు బలం పరీక్షించేందుకు పోసే 150 మిల్లీమీటర్ల క్యూబ్‌కూ ఇవే అంకెలు. అయితే దాని ముఖాలన్నీ చతురస్రాలే కాబట్టి అది సమఘనం. అంటే అంకెలతో పాటు ముఖం ఆకారమూ చూడాలన్నమాట. ఈజిప్టులోని గిజా పిరమిడ్‌కైతే అడుగున ఉన్న చతురస్రంతో కలిపి ముఖాలు 5, అంచులు 8, శీర్షాలు 5.

లెక్క సరిపోయిందో లేదో తేల్చుకునే చిట్కా ఉంది. ముఖాలు, శీర్షాలు కూడితే అంచుల కంటే సరిగ్గా 2 ఎక్కువ రావాలి. కార్టన్‌కు 6, 8 కలిపితే 14. అంచులు 12. సరిపోయింది! స్విట్జర్లాండ్‌లో పుట్టిన గణితవేత్త ఆయిలర్ 1750లో చెప్పిన సూత్రమిది. చదునైన ముఖాలుండి, గుంతలు, చిల్లులు లేని ఘనాలకు పనిచేస్తుంది. బంతికి, డబ్బాకు ఇలా లెక్క కట్టకూడదు.

ఈసారి అడిగితే జవాబు చెప్పేయకండి. "అగ్గిపెట్టె తెచ్చుకో, ఇద్దరం లెక్కపెడదాం" అనండి. పాఠమూ వస్తుంది, నాన్న పక్కనే ఉన్నట్టూ ఉంటుంది.