వర్తకుల రేవు - కోపెన్‌హాగెన్

ఒక నగరము పుట్టుక తెలిసికొనవలెనన్న ముందుగా దాని పేరును విచారింపవలెను. డెన్మార్కు దేశపు రాజధానిని మనము కోపెన్‌హాగెన్ అనుచున్నాము. ఆ దేశస్థులు తమ భాషలో దానిని కోబెన్‌హౌన్ అందురు. వర్తకుల రేవు అని దాని యర్థము. ఈ నగరమును చూడబోవువారు నీటియొడ్డుననే తమ నడక ప్రారంభించుట మంచిది. అచటి భవనములు అందమునకు మాత్రమే కట్టబడినవి కావు. ఏ సరకు ఎచటినుండి వచ్చినది, ఎవరు లాభపడిరి, ఎవరు నష్టపడిరి అను లెక్క వాని గోడలలో నున్నది. ఆ లెక్కలో ఒక పద్దు మన తీరమునకు సంబంధించినది.

బాల్టిక్ సముద్రమునుండి పడమటి సముద్రములకు పోవు ఓడలకు ఓరెసుండ్ అను ఇరుకైన జలసంధి ముఖ్యమైన దారి. దాని యొడ్డున, హెర్రింగ్ చేపలు పట్టు జాలరుల పల్లెయొకటి యుండెను. 1167 ప్రాంతమున అబ్సలోన్ అను మతగురువు అచటి చిన్న దీవిపై కోట కట్టించెను. పల్లె పట్టణమైనది, పట్టణము రాజధానియైనది. చుట్టును కాలువలు గల ఆ దీవిని నేడు స్లోట్స్‌హోల్మెన్ అందురు. కోటదీవి అని యర్థము. దానిపై నున్న క్రిస్టియన్స్‌బోర్గ్ సౌధములో ఇప్పుడు పార్లమెంటు సమావేశమగుచున్నది. ఆ సౌధము క్రింది భాగమునకు దిగినవారికి అబ్సలోన్ కట్టించిన కోట శిథిలములు కనబడును.

సౌధమునకు సమీపముననే, నీటియొడ్డున, బోర్సెన్ అను పొడవైన ఎఱ్ఱయిటుకల కట్టడము కలదు. ఇది పూర్వపు వర్తకశాల. 1588 నుండి 1648 వరకు రాజ్యమేలిన నాలుగవ క్రిస్టియన్ రాజు దీనిని కట్టించెను. నాలుగు డ్రాగనుల తోకలను జడవలె పెనవేసిన దాని శిఖరము ఆ నగరమునకు గుర్తుగా నిలిచెను. 2024 ఏప్రిల్ 16వ తేదీన మరమ్మతులు జరుగుచుండగా ఈ భవనమున నిప్పంటుకొని, శిఖరము కూలిపోయినది. మంటలు లేచుచుండగనే లోపలివారు, అగ్నిమాపకదళమువారు, దారిన పోవువారు సైతము చేయిచేయి కలిపి ప్రాచీన వర్ణచిత్రములను వెలుపలికి మోసికొనివచ్చిరి. ఆ కట్టడమును మరల పూర్వరూపమున నిలుపుటకు వారు పూనుకొనిరి.

ఈ క్రిస్టియన్ రాజు కాలముననే మన తీరముతో సంబంధమేర్పడినది. 1616లో ఆయన అనుమతితో కోపెన్‌హాగెన్‌లో ఒక ఈస్టిండియా కంపెనీ స్థాపింపబడెను. 1618లో ఈ రేవునుండి ఓడలు బయలుదేరెను. వానికి నాయకుడైన ఓవె గెడ్డె అప్పటికి ఇరువదినాలుగేండ్లు నిండనివాడు. దారిలో రోగములచే నావికులనేకులు మరణించిరి. సింహళమున కార్యము నెరవేరక, అతడు తంజావూరు సీమ చేరెను. అప్పుడచట రఘునాథ నాయకుడు ప్రభువు. తెలుగున కావ్యములు రచించిన ఆ రఘునాథుడే. 1620 నవంబరులో జరిగిన ఒడంబడిక ననుసరించి తరంగంబాడి యను తీరగ్రామమున కోట కట్టుకొని వర్తకము చేసికొనుటకు డేనులకు అనుమతి లభించెను. తరంగంబాడి యనుట వారికి నోరు తిరుగక ట్రాంకెబార్ అయినది.

ఆ సందర్భమున రఘునాథుడు డెన్మార్కు రాజునకు బంగారు రేకుపై ఒక లేఖ వ్రాయించి పంపెను. అది నేటికిని కోపెన్‌హాగెన్‌లో ప్రభుత్వ పత్రభాండాగారమున భద్రముగా నున్నది. ఆ లేఖ భాష తమిళము. ఆస్థానమున తెలుగును పోషించి, స్వయముగా తెలుగుకవియైన ప్రభువు, రాజ్యమందలి ప్రజల భాషలో పరదేశపు రాజునకు జాబు వ్రాయించినాడు. ఇంట నొక భాష, వీథిలో నొక భాష గల మనవంటివారు ఈ విషయమును గమనింపదగును. ఒక భాషను ప్రేమించుటకు మరియొక భాషను తక్కువ చేయనక్కరలేదని ఆ చిన్న బంగారు రేకు నాలుగువందల యేండ్లుగా సాక్ష్యమిచ్చుచున్నది.

బోర్సెన్ యొద్దనుండి వంతెన దాటినచో క్రిస్టియన్స్‌హౌన్ అను పేట చేరుదుము. అదియు ఆ రాజు నీటిని పూడ్పించి, కాలువలు త్రవ్వించి కట్టించినదే. ఇచట ఒడ్డున గల గిడ్డంగులు 1732లో నెలకొన్న ఆసియాటిక్ కంపెనీవి. చైనానుండి తేయాకు, పింగాణి, మన దేశమునుండి నూలుబట్టలు ఇచటనే దిగెడివి. కోరమాండల్ తీరపు నేతగాండ్రు మగ్గములపై నేసిన బట్ట ఎన్నో నెలలు సముద్రముపై ప్రయాణము చేసి ఈ గోడలమధ్య మూటలు విప్పించుకొనెను. ఇప్పుడా స్థలమున ఆ దేశపు విదేశాంగ మంత్రిత్వశాఖ కార్యాలయములున్నవి. సమీపముననే రక్షకుని దేవాలయమను చర్చి కలదు. దాని శిఖరమునకు వెలుపలివైపున మెట్లు చుట్టలు చుట్టుకొని పైకి పోవును. మొత్తము నాలుగువందల మెట్లలో చివరి నూటయేబది ఆరుబయటనే యుండుటచే, గాలి వీచునప్పుడు ధైర్యశాలియు కమ్మిని విడువడు. పైనుండి రేవంతయు పటమువలె కానవచ్చును.

మరల ఇవతలి యొడ్డునకు వచ్చి ఉత్తరముగా నడచినచో న్యూహౌన్ చేరుదుము. ఈ పేరునకు క్రొత్తరేవు అని యర్థము. 1671 నుండి 1673 వరకు త్రవ్వబడిన ఈ కాలువలో యుద్ధఖైదీలైన స్వీడన్ సైనికుల చెమట కలదు. ఇరువైపుల పసుపు, ఎఱుపు, నీలము రంగుల యిండ్లు, నీటిపై పాత కొయ్యఓడలు కన్నులపండువుగా నుండును. వానిలో 9వ నంబరు ఇల్లు 1681 నాటిది. పిల్లల కథలచే లోకప్రసిద్ధుడైన హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ ఈ కాలువయొడ్డున మూడు వేర్వేరు ఇండ్లలో కాపురముండెను. 20వ నంబరు ఇంట నుండగా 1835లో తన తొలి కథల సంపుటమును వెలువరించెను. అప్పుడిది నావికులు, కూలీలు, సారాయంగళ్లు నిండిన వీథి. నేడు యాత్రికులకు నిలువ చోటుండదు. కాలువ మొదట నున్న పెద్ద లంగరు, రెండవ ప్రపంచ యుద్ధమున మరణించిన డేనిష్ నావికుల స్మారకముగా 1951లో నిలుపబడినది.

ఇంకను ముందునకు పోగా అమాలియెన్‌బోర్గ్ రాజమందిరములు వచ్చును. ఒకే తీరు గల నాలుగు సౌధముల నడుమ ఐదవ ఫ్రెడరిక్ రాజు అశ్వారూఢుడై యున్నాడు. ఆ విగ్రహమునకు ధనమిచ్చినది పూర్వోక్తమైన ఆసియాటిక్ కంపెనీయే. ఆ లోహమును చూచునప్పుడు తేయాకును, నూలుబట్టను జ్ఞాపకముంచుకొనుట తప్పు కాదు.

ఇచటికి కొలదిదూరమున 1780 ప్రాంతమున కట్టిన వెస్టిండియా గిడ్డంగి యున్నది. ఇందు నిలువచేసిన చక్కెర, కరీబియన్ దీవులలో ఆఫ్రికానుండి తేబడిన బానిసల శ్రమఫలము. మనుష్యులను ఓడలలో తెచ్చి అమ్ముటను నిషేధించుచు 1792లో డెన్మార్కు శాసనము చేసెను. అది 1803లో అమలునకు వచ్చినను, దీవులలో బానిసత్వము 1848 వరకు తొలగలేదు. ఆ పిమ్మటను కూలీల కష్టములు తీరనందున 1878లో సాంక్రోయి దీవియందు తిరుగుబాటు జరిగెను. దానికి నాయకురాండ్రలో ఒకతెయైన మేరీ థామస్ పేర 2018లో ఈ గిడ్డంగి ముందర ఒక పెద్ద ప్రతిమను నిలిపిరి. సొంపైన రేవున ఈ దుఃఖమును మరుగుపరుపక చూపుట మెచ్చదగిన పని.

ఉత్తరపు కొనయందు, ఒడ్డున నున్న రాతిపై ఆండర్సన్ కథలోని మత్స్యకన్య కూర్చుండియున్నది. ఎడ్వర్డ్ ఎరిక్సన్ అను శిల్పి చేసిన ఈ కంచుబొమ్మ 1913లో ప్రతిష్ఠింపబడినది. ఎత్తు ఒకటింబాతిక మీటరు మాత్రమే. ఆర్భాటము కోరి వచ్చినవారికి ఇంతేనా యనిపించును. కథ చదివి వచ్చినవారు మాత్రము కొంతసేపు అచట నిలుతురు.

వర్తకుల రేవునకు వర్తకమే శాశ్వతము కాలేదు. 1807లో ఆంగ్లేయులు నగరముపై గుండ్లు కురిపించి యుద్ధనౌకలను పట్టుకొనిపోయిరి. 1845లో తరంగంబాడిని, శ్రీరామపురమును పన్నెండున్నర లక్షల రూపాయలకు ఆంగ్ల కంపెనీకి అమ్మివేసిరి. ఇరువదవ శతాబ్దమున పెద్ద ఓడల పనులు క్రమముగా వెలుపలికి తరలిపోయెను. మురుగునీరు రేవులో కలియకుండ ఏర్పాటులు చేసి, ఆ నీటిని ఎంత శుభ్రము చేసిరనగా, 2002లో నగరమధ్యమునందే ఈతకు రేవు తెరచిరి. ఒడ్డున 1999లో జాతీయ గ్రంథాలయమునకు నల్లరాతి భవనము, 2008లో నాటకశాల వెలసెను. జూనులో రాత్రి పది గంటల సమీపము వరకు వెలుతురుండును. పడవలే బస్సులై జనులను ఈ గట్టునుండి ఆ గట్టునకు చేర్చుచుండును.

విద్యార్థులారా, ఏ రేవును చూచినను దాని యందము ననుభవింపుడు. పిమ్మట ఈ సొమ్మెచటిది అని యడుగుడు. కోపెన్‌హాగెన్ మనకు దూరమే. కాని ఆ లెక్కకు రెండవ కొన తరంగంబాడి సముద్రపుటొడ్డున డేనులు కట్టిన డాన్స్‌బోర్గ్ కోటయై నిలిచియున్నది. అది మన తమిళదేశముననే కలదు. సెలవులలో పెద్దల వెంట పోయి చూడుడు.