బొమ్మ ముందు... మాట వెనక!

'ఇక్కడ నొక్కండి' అన్న మాట వినిపించేసరికి తెరమీది బాణం గుర్తు ఎప్పుడో నొక్కేసి వెళ్లిపోయి ఉంటుంది. కంప్యూటర్ తెరను రికార్డు చేసి పాఠాలు తయారుచేసేవాళ్లకు తరచూ ఎదురయ్యే తంటా ఇది.

ఎందుకిలా? బొమ్మది ఒక గడియారం, మాటది ఇంకో గడియారం. తెరమీది దృశ్యాలకు కంప్యూటర్ టైము వేస్తే, మైకులోంచి వచ్చే శబ్దాన్ని సౌండ్‌కార్డు తన లెక్కన కొలుస్తుంది. రెంటికీ లక్షలో 5 వంతుల తేడా ఉన్నా చాలు, గంట పాఠం ముగిసేసరికి 0.18 సెకన్ల ఎడం వచ్చేస్తుంది. ఆమాత్రానికేనా అంటారా? శబ్దం దాదాపు 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకబడినా చూసేవాళ్లు పసిగట్టేస్తారని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 1998 నాటి సిఫారసు చెబుతోంది. మాట ఆలస్యమైతే కాస్త ఓర్చుకుంటాం... మెరుపు తర్వాతే కదా ఉరుము!

మరి మందేమిటి? సినిమావాళ్ల క్లాప్ కిటుకే. రికార్డింగ్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కీబోర్డు మీద ఓ అక్షరాన్ని టక్కున నొక్కండి. అక్షరం కనిపించడానికీ చప్పుడు వినిపించడానికీ మధ్య తేడా చూడండి.

రెండుచోట్లా తేడా ఒకటేనా? బ్లూటూత్ మైకు లాంటిదేదో శబ్దాన్ని ఆలస్యం చేస్తోందన్నమాట. ఆ మిల్లీసెకన్లను ఓబీఎస్ స్టూడియోలోని 'సింక్ ఆఫ్‌సెట్' గడిలో మైనస్ గుర్తుతో వేస్తే సరి.

తేడా పెరుగుతూ పోతోందా? ఫ్రేముల వేగం మారుతూ ఉండటం ఓ కారణం కావచ్చు. ఎడిటింగ్‌కు ముందే హ్యాండ్‌బ్రేక్‌తో దాన్ని స్థిరంగా మార్చుకోవాలి. శబ్దాన్ని అన్నిచోట్లా 48 కిలోహెర్ట్జ్‌కే పెట్టుకోవాలి.

ఇవేవీ వద్దనుకుంటే పాఠాన్ని పదేసి నిమిషాల ముక్కలుగా రికార్డు చేయండి. ఆ 0.18 కాస్తా 0.03 సెకన్లకు దిగుతుంది. కన్నూ చెవీ రెండూ రాజీపడిపోతాయి!