దేశం దాటినా ఊరి నంబరు బతకాలి

కుప్పం, నగరి వైపు సరిహద్దు పల్లెల్లో కొన్నేళ్ల కిందటిదాకా ఒక చిక్కు ఉండేది. మనిషి తన చేని గట్టు మీదే నిలబడి ఉంటాడు. ఫోను మాత్రం కర్ణాటక టవరునో, తమిళనాడు టవరునో పట్టుకునేది. టెలికాం సర్కిల్ మారిందని లెక్క కట్టి, వచ్చిన కాల్ ఎత్తినా దుడ్లు కోసేవారు. బీఎస్‌ఎన్‌ఎల్ 2015 జూన్ 15 నుంచి దేశమంతటా రోమింగ్‌లో ఇన్‌కమింగ్‌ను ఉచితం చేసింది. ఎయిర్‌టెల్ 2017 ఏప్రిల్ 1 నుంచి అదే పని చేసింది. దాంతో సరిహద్దు పల్లెల్లో రోమింగ్ బెడద తీరిపోయింది. విమానం ఎక్కేవాళ్లకు మాత్రం ఇంకా తీరలేదు.

అంతర్జాతీయ రోమింగ్ నడిచే తీరూ అదే. తిరుపతిలో తీసుకున్న సిమ్‌తో కువైట్‌లో దిగితే, ఫోను అక్కడి జైన్, ఊరిడూ, ఎస్‌టీసీ నెట్‌వర్కుల్లో ఒకదాన్ని పట్టుకుంటుంది. ఈ నంబరు మీదేనా అని ఆ కంపెనీ భారత్‌లోని కంపెనీని అడుగుతుంది. అవునన్న జవాబు వచ్చాకే సిగ్నల్ ఇస్తుంది. ఊరి నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే ఆ కాల్ ముందు భారత్‌లోని సొంత నెట్‌వర్కుకు చేరి, అక్కడి నుంచి సముద్రం దాటుతుంది. చేసినవాళ్లు తమ మామూలు ప్లాన్‌లోనే చేశారు కాబట్టి, సముద్రం దాటించిన ఖర్చు ఎత్తినవాళ్ల మీద పడుతుంది. ఎత్తకపోతే మరో నంబరుకు మళ్లేలా కాల్ ఫార్వర్డింగ్ పెట్టుకున్నవాళ్లకు ఇంకా కష్టం. కాల్ కువైట్ దాకా వెళ్లి మళ్లీ భారత్‌కు తిరిగొస్తే, పోనూ రానూ రెండింటికీ డబ్బు పడే వీలుంది. బయల్దేరే ముందు ఫార్వర్డింగ్ తీసేయమని చెప్పేది అందుకే.

ఐరోపా సమాఖ్య తన సభ్యదేశాల మధ్య ఈ అదనపు వసూలును 2017 జూన్ 15న ఎత్తేసింది. అయితే ఆ సౌకర్యం అక్కడి సిమ్‌లకే. ఇక్కడి సిమ్‌తో పారిస్‌లో దిగినవాళ్లకు అది వర్తించదు.

పాత చిత్తూరు, కడప జిల్లాల్లో కువైట్ అంటే పరాయి దేశమన్న భావనే తక్కువ. పీలేరు, కలికిరి, రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు ప్రాంతాల నుంచి ఇంటిపనికి, వంటకు, డ్రైవింగ్‌కు ఏళ్ల తరబడి ఆడా మగా వెళ్తూనే ఉన్నారు. తొలి రోజుల్లో వాళ్ల యోగక్షేమాలు ఉత్తరాల్లోనూ, మాటలు రికార్డు చేసి పంపిన క్యాసెట్లలోనూ అందేవి. ఆ తర్వాత ఐఎస్‌డీ బూత్‌లు వచ్చాయి. మీటరు మీద అంకెలు పరుగెత్తుతుంటే సగం మాటలు గొంతులోనే ఆగిపోయేవి. 2002లో విదేశీ కాల్స్‌పై వీఎస్‌ఎన్‌ఎల్ గుత్తాధిపత్యం ముగిశాక కాల్ ధరలు దిగాయి. ఇప్పుడు ఐఎంఓ, వాట్సాప్ వచ్చి పలకరింపు దాదాపు ఉచితమైంది. అందుకే చాలామంది అక్కడి సిమ్ తీసుకోగానే ఊరి సిమ్‌తో పని అయిపోయిందనుకుంటారు.

అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. బ్యాంకు ఖాతా, ఆధార్, ఫోన్‌పే, గ్యాస్ కనెక్షన్, తిరుమల దర్శనం టికెట్ల బుకింగ్ అన్నీ ఊరి నంబరుకే ముడిపడి ఉంటాయి. ఓటీపీ దానికే వస్తుంది. కష్టపడి పంపిన డబ్బు ఖాతాలో ఉన్నా, నంబరు ఆగిపోతే ఆ డబ్బును దూరం నుంచి కదిలించలేని పరిస్థితి వస్తుంది.

2018 చివరిదాకా ఒకసారి సిమ్ కొంటే ఇన్‌కమింగ్ ఏళ్ల తరబడి నడిచేది. ఆ ఏడాది ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా కనీస రీచార్జి పద్ధతి తెచ్చాయి. ప్లాన్ గడువు దాటితే కొద్ది రోజుల్లో ఇన్‌కమింగ్ ఆగుతుంది. ఇది ఒక సంగతి. నంబరునే రద్దు చేయడం వేరే సంగతి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013లో తెచ్చిన నియమం ప్రకారం, 90 రోజుల పాటు ఏ వాడకమూ లేని ప్రీపెయిడ్ నంబరును కంపెనీ తీసేయవచ్చు. ఖాతాలో 20 రూపాయలో, అంతకు మించో నిల్వ ఉంటే తీసేయకూడదు. ఈ నియమం తెలిసినవాళ్లు 20 రూపాయలు వేసి నిశ్చింతగా ఉంటారు. నంబరు నిలుస్తుంది, నిజమే. కానీ ప్లాన్ లేకపోతే ఓటీపీ రాదు.

రద్దయిన నంబరు ఊరికే పడి ఉండదు. కనీసం 90 రోజులు ఆగి దాన్ని కొత్తవాళ్లకు ఇస్తారని ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. వాట్సాప్ సమాచారం తొలగించుకునే జాగ్రత్త పాత యజమానే తీసుకోవాలని కోర్టు అంది. అంటే, రెండేళ్ల కాంట్రాక్టు ముగించుకుని ఊరు చేరేసరికి ఆ నంబరు ఇంకెవరి చేతిలోనో మోగుతూ ఉండవచ్చు. బ్యాంకులో పాత నంబరే ఉంటే ఓటీపీ కూడా వాళ్లకే పోతుంది.

దీనికి ఇప్పుడు కొంత మందు దొరికింది. డేటా అవసరం లేనివాళ్ల కోసం కాల్స్, ఎస్‌ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్యాక్‌లు తప్పనిసరిగా ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది. ప్రత్యేక ప్యాక్‌ల గడువును 90 నుంచి 365 రోజుల దాకా పెంచుకునే వీలిచ్చింది. 2025 జనవరిలో జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా అలాంటి ప్యాక్‌లు తెచ్చాయి. రెండు వేల రూపాయల లోపే దాదాపు ఏడాది గడుస్తుంది. దానితో పాటు ఊళ్లో ఉండగానే అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేయించుకోవాలి. రోమింగ్‌లో ఎస్‌ఎంఎస్ అందుకోవడానికి సాధారణంగా డబ్బు పడదు. అయితే విడిగా రోమింగ్ ప్యాక్ ఉంటేనే సిగ్నల్ పట్టే పద్ధతి ఉందా లేదా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. ఈ ఒక్క ప్రశ్న స్టోర్‌లో అడిగి తీరాలి.

కొందరు సిమ్‌ను ఊళ్లోనే భార్య దగ్గరో, తమ్ముడి దగ్గరో వదిలి వెళ్తారు. ఓటీపీ వస్తే వాట్సాప్‌లో చెప్పించుకుంటారు. చేతిలో వేరే దారి లేక చేసే పనే ఇది. కానీ రెండేళ్ల పాటు ఖాతా మొత్తం మరొకరి ఫోన్ మీద ఆధారపడడం మంచిది కాదు. రెండు సిమ్‌ల ఫోను ఇప్పుడు అరుదైన వస్తువు కాదు. ఒక స్లాట్‌లో ఊరి సిమ్, ఇంకో స్లాట్‌లో కువైట్ సిమ్ పెట్టి, ఊరి సిమ్‌కు డేటా రోమింగ్ ఆపేస్తే సరిపోతుంది.

విదేశీ నంబరుతోనే యూపీఐ వాడుకోవచ్చు కదా అని అడగవచ్చు. ప్రవాసుల కోసం ఉండే ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలున్నవారికి ఆ వీలు కల్పించాలని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2023 జనవరి 10న ప్రకటించింది. తొలి జాబితాలో సింగపూర్, ఆస్ట్రేలియా, కెనడా, హాంకాంగ్, ఒమాన్, ఖతర్, అమెరికా, సౌదీ, యూఏఈ, బ్రిటన్ ఉన్నాయి. కువైట్ లేదు! ఈ ప్రాంతం నుంచి ఎక్కువమంది వెళ్లే దేశాన్నే వదిలేయడం బాధ కలిగించే విషయం. పైగా ఇంటిపనికి వెళ్లినవాళ్లలో చాలామందికి ఊరి మామూలు సేవింగ్స్ ఖాతా తప్ప ఎన్‌ఆర్‌ఓ అన్న మాటే తెలియదు.

అమెరికాలో పిల్లల దగ్గరికి, మనవడో మనవరాలో పుట్టే వేళకు వెళ్లే తల్లిదండ్రుల ఇబ్బంది వేరు. వాళ్లు ఆరు నెలల దాకా ఉంటారు. ప్లాన్ గడువు మధ్యలోనే ముగుస్తుంది. ఇంకో సంగతి, ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరిలో, వెరిజాన్ అదే ఏడాది చివర్లో 3జీ మూసేశాయి. అక్కడ కాల్ కూడా 4జీ మీదే నడవాలి. నాన్నగారు పదేళ్లుగా వాడుతున్న బటన్ల ఫోను తిరుపతిలో బాగానే మోగినా, అక్కడ చాలావరకు మూగబోతుంది. 4జీ మీద కాల్ నడిపే వోల్టీ (VoLTE) రోమింగ్ ఉన్న ఫోను కావాలి.

దుబాయికి వారం రోజుల టూరు వెళ్లేవాళ్లకు మరో రకమైన జాగ్రత్త. యూఏఈలో స్థానిక నెట్‌వర్కు మీద వాట్సాప్ మాటల కాల్, వీడియో కాల్ వెళ్లవు. బోటిమ్ వంటి అనుమతి ఉన్న యాప్‌లు వాడాలి. భారత సిమ్ రోమింగ్‌లో డేటా సాధారణంగా సొంత దేశపు నెట్‌వర్కు దాకా వెళ్లి బయటికి వస్తుంది కాబట్టి, అదే వాట్సాప్ కాల్ రోమింగ్ ప్యాక్ మీద కలిసే అవకాశం ఉంది. విమానంలోనూ ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. కొన్ని విమానాల్లో ఉపగ్రహం ద్వారా నడిచే ప్రత్యేక నెట్‌వర్కు ఉంటుంది. అది చాలాసార్లు మామూలు రోమింగ్ ప్యాక్‌లోకి రాదు. ఫ్లైట్ మోడ్ పెట్టకుండా నిద్రపోతే దిగేలోపు బిల్లు పెరగవచ్చు.

తన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకునే సదుపాయాన్ని టెలికాం శాఖ 2021లో ముందుగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే ప్రారంభించింది. ఇప్పుడది సంచార్ సాథీలో ఉంది. ఏళ్ల తరబడి బయట ఉండేవాళ్లు ఊరికి వచ్చినప్పుడల్లా ఒకసారి చూసుకోవాలి. తెలియని నంబరు కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు.

పీలేరులోనో రాయచోటిలోనో పాస్‌బుక్ పట్టుకుని కౌంటరు ముందు నిలబడిన మనిషి గల్ఫ్‌కు వెళ్తున్నానని చెప్పినప్పుడు, బ్యాంకు సిబ్బంది రెండు నిమిషాలు కేటాయించాలి. ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్చుకోవడం గురించి, నంబరు గురించి తెలుగులో చెప్పాలి. కువైట్ నంబర్లకూ యూపీఐ తలుపు తెరవమని మన ఎంపీలు ఢిల్లీలో గట్టిగా అడగాలి.