హీరో చేతిలో ఎన్ని తులాల గుండు?

"అన్నా! గా పెద్ద పిస్తోలుతోని కొడితె మనిషి నిజంగనె ఎగిరి పడ్తడా?"

ఆర్మూరు పసుపు మార్కెట్ దగ్గర చాయ్ తాగుతుంటే ఓ కృష్ణ అభిమాని నన్ను నిలదీసిన ప్రశ్న ఇది. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ తీసిన 'మోసగాళ్ళకు మోసగాడు' 2023లో మళ్ళీ విడుదలైంది కదా, ఆ కౌబాయ్ మోజు ఇంకా దిగలేదు! మరి ఈ తుపాకుల అసలు సంగతేమిటో చూద్దామా?

కాలిబర్ అంటే గొట్టం లోపలి వెడల్పు. .45 అంటే అంగుళాన్ని నూరు భాగాలు చేస్తే అందులో 45. గుండు బరువు మాత్రం గ్రెయిన్లలో చెబుతారు. కంగారు పడకండి! పాత తులానికి సరిగ్గా 180 గ్రెయిన్లు. కాబట్టి మన తూకంలోనే తూచేద్దాం.

కౌబాయ్‌ల సొంత సరుకు .45 కోల్ట్. 1873 నాటిది. గుండు తులంన్నరకు కాస్త తక్కువ. వేగం సెకనుకు సుమారు 260 మీటర్లు. 1935లో వచ్చిన .357 మాగ్నం గుండు తులం కూడా తూగదు, కానీ 370 మీటర్ల వేగంతో దూసుకుపోతుంది. ఇక 1971 నాటి 'డర్టీ హారీ'లో క్లింట్ ఈస్ట్‌వుడ్ పట్టిన .44 మాగ్నం! గుండు తులంపావుకి పైనే, వేగం 400 మీటర్లకు పైనే. దాని తలదన్నేలా 2003లో .500 మాగ్నం వచ్చింది. గుండు రెండు తులాలు, శక్తి .44కి రెండింతలు!

అయితే పెద్దదే మేలా? అక్కడే ఉంది తిరకాసు. గుండు ఎంత ఊపుతో ముందుకు పోతుందో, తుపాకీ అంత ఊపుతో వెనక్కి తంతుంది. విలన్ ఎగిరి పడాలంటే హీరో కూడా వెనక్కి ఎగిరి పడాల్సిందే! .500 రివాల్వర్లలో పొడుగు గొట్టందైతే రెండు కిలోలుంటుంది, పట్టేది అయిదే తూటాలు. ఒకటి పేల్చి మళ్ళీ గురి కుదుర్చుకునేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. ఎలుగుబంట్లు తిరిగే అడవుల్లో వేటగాళ్ళకు పనికొస్తుందేమో గానీ, నడుముకు కట్టుకు తిరగడానికి కాదు. అమెరికా పోలీసుల్లో ఎక్కువమంది దశాబ్దాల తరబడి నమ్ముకున్నది చిన్నదైన .38నే.

సినిమా వాళ్ళకు మరో ప్రమాదం ఉంది. 1984లో జాన్ ఎరిక్ హెక్సమ్ అనే టీవీ నటుడు, గుండులేని ఉత్త తూటాయే కదా అని .44 మాగ్నంను సరదాగా కణతకు ఆనించి పేల్చుకున్నాడు. ఆ పేలుడు ధాటికే ప్రాణం పోయింది. 1993లో బ్రూస్ లీ కొడుకు బ్రాండన్ లీ 'ది క్రో' షూటింగులో బలయ్యాడు. అదీ .44 మాగ్నమే! డమ్మీ తూటాలోని గుండు గొట్టంలో ఇరుక్కున్న సంగతి ఎవరూ చూడలేదు. తర్వాత పెట్టిన ఉత్త తూటా పేలగానే అది దూసుకొచ్చింది. 2021లో 'రస్ట్' రిహార్సల్‌లో .45 కోల్ట్‌లోకి అసలు తూటా ఎలాగో చేరి, ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్‌ను బలిగొంది.

సిద్ధులగుట్ట రాళ్ళ మధ్య సెల్‌ఫోన్‌తో కౌబాయ్ షార్ట్ ఫిలిం తీయాలనుకునే తమ్ముళ్ళూ! మీ హీరోకి చెక్క పిస్తోలు చాలు. "ఢాం" అనే శబ్దం ఎడిటింగులో కలుపుకోవచ్చు. ప్యాకప్ చెప్పాక అందరూ నవ్వుతూ ఇళ్ళకు చేరాలి. ఏమంటారు?