విరేచనాల బిడ్డను పస్తు పెట్టవద్దు

"పళ్లొస్తున్నాయి, అవే తగ్గుతాయిలే" అంటారు ఒక ఇంట్లో. దిష్టి తగిలిందని ఇంకో ఇంట్లో మిరపకాయలు దిగదుడుస్తారు. "లంఖణం పరమౌషధం" అని మరో ఇంట్లో బిడ్డకు అన్నం మాన్పిస్తారు. ఈలోగా రెండు వారాలు గడిచిపోతాయి. మొన్నటిదాకా వాకిట్లో పరుగులు తీసిన పిల్లవాడు తల్లి భుజం మీదనుంచి తల ఎత్తడు. పిలిస్తే పలకడు.

ఇది బద్ధకం కాదు. ఒంట్లోని కణాలకు ఇంధనం కరువైందన్న మాట.

కణంలో పొయ్యి

శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అనే అతి సూక్ష్మమైన భాగాలుంటాయి. అవి కణంలోని పొయ్యిల వంటివి. తిన్న తిండిలోని చక్కెర, కొవ్వు ప్రాణవాయువు సాయంతో వాటిలో ఖర్చయి శక్తినిస్తాయి. ఈ పనికి ఇనుము, బి విటమిన్లు కూడా కావాలి.

ఇవన్నీ ఒంటికి పట్టేది చిన్న పేగు లోపలి గోడ మీద వేళ్లలా ఉండే సన్నని మొలకల ద్వారా. విరేచనాలు 14 రోజులు, అంతకు మించి సాగితే చాలామంది పిల్లలలో ఈ మొలకలు దెబ్బతింటాయి. పాలలోని చక్కెర సరిగా అరగదు. జింక్ మలంతో పోతుంది. ఆపైన పస్తు పెడితే పొయ్యిలో ఉన్న కట్టె కూడా లాగేసినట్లే. పసిబిడ్డ కాలేయంలో చక్కెర నిల్వ కొద్దిపాటిదే. అది అయిపోతే ఒళ్లు చల్లబడుతుంది, మగత కమ్ముతుంది.

ఒక్కసారిగా మేపినా ముప్పే

బాగా చిక్కిపోయిన బిడ్డకు ఒక్కసారిగా ఎక్కువ తినిపిస్తే రక్తంలో భాస్వరం, పొటాషియం పడిపోయి గుండెకు ప్రమాదం. అందుకే ఆసుపత్రిలో మొదట 100 మిల్లీలీటర్లకు 75 కాలరీలున్న పాల ఆహారాన్ని రెండేసి గంటలకు, రాత్రి కూడా, కొద్దికొద్దిగా పడతారు. బిడ్డ కోలుకున్నాక 100 కాలరీలున్న ఆహారానికి మారుస్తారు.

తల్లులు చేయవలసింది

తల్లిపాలు మాన్పరాదు. ఓ.ఆర్.ఎస్. లీటరు పొట్లాన్ని కాచి చల్లార్చిన లీటరు నీటిలో కలిపి తాగించాలి. మిగిలినది 24 గంటల తర్వాత పారబోయాలి. జింక్ బిళ్లలు 14 రోజులు వేయాలి. రెండు నుంచి ఆరు నెలలలోపు బిడ్డకు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆపై వయసువారికి 20. ఆరు నెలలు దాటిన బిడ్డకు మెత్తని అన్నం, పెసరకట్టు, పెరుగు, అరటిపండు కొంచెం కొంచెంగా పెడుతుండాలి.

మలంలో రక్తం పడినా, కళ్లు లోతుకుపోయినా, పాదాలు వాచినా, బిడ్డ తాగలేకపోయినా, విరేచనాలు 14 రోజులైనా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆరు నెలలు దాటి అయిదేళ్లలోపు బిడ్డకు దండచేతి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గితే ప్రమాదం ముంచుకొచ్చినట్లే. అంగన్‌వాడీలో టేపు ఉంటుంది, కొలిపించుకోవచ్చు.

లంఖణం సామెత పెద్దవాళ్ల అజీర్తికి చెల్లుతుందేమో కాని, పసిబిడ్డ విరేచనాలకు చెల్లదు.