ఊదితే సున్నా వచ్చింది, అయినా గుద్దేశాను

మొన్న రంజాన్ నెలలో ఒక శనివారం రాత్రి. సోమవారం ప్రాజెక్ట్ రివ్యూ ఉందని దిల్‌సుఖ్‌నగర్‌లో ఫ్రెండ్ రూమ్‌లో కూర్చొని రిపోర్ట్ పని చేశాం. పొద్దున ఆరింటికి లేచినవాణ్ణి. సాయంత్రం జలుబు ఎక్కువైతే ఇంట్లో ఉన్న సెట్రిజిన్ గోలీ ఒకటి వేసుకున్నాను. రాత్రి పన్నెండున్నరకి లాప్‌టాప్ మూసి, స్కూటీ తీసి లాల్‌దర్వాజాలో మా ఇంటికి బయలుదేరాను. "ఈడనే పడుకోరా, పొద్దున పోదువు" అని వాడు అన్నాడు. "అరగంట దారి, గంతే కదా" అన్నాను.

దారిలో పోలీసులు ఆపారు. డ్రంక్ అండ్ డ్రైవ్ చెకింగ్. మిషన్ నోటి ముందు పెట్టి ఊదమన్నారు. ఊదాను. సున్నా. "పో తమ్ముడూ" అన్నాడు కానిస్టేబుల్. నిజం చెప్పాలంటే కాస్త గర్వంగానే అనిపించింది.

పది నిమిషాలు కూడా కాలేదు. మొగల్‌పురా దగ్గర ఒక అరటిపళ్ల బండిని గుద్దేశాను. గుద్దిన క్షణం గుర్తుంది, దానికి ముందు రెండు మూడు సెకన్లు మాత్రం గుర్తులేవు. బండి పక్కకి ఒరిగింది, పళ్లు రోడ్డు మీద పడ్డాయి. నాకు మోకాలు గీరుకుంది, అంతే. కానీ ఆ బండికి నాలుగడుగుల దూరంలో ఒక చిన్న పిల్లాడు వాళ్ల నాన్న వేలు పట్టుకొని నిలబడి ఉన్నాడు. రంజాన్ రాత్రుల్లో పాతబస్తీ ఎలా ఉంటుందో తెలుసు కదా, ఒంటిగంటకి కూడా పిల్లాజెల్లా అందరూ రోడ్ల మీదే ఉంటారు.

బండి చాచా నన్ను లేపి మొదట అడిగిన మాట: "పీకే చలారా క్యా బేటా?"

"నై చాచా, నీంద్ ఆగయీ" అన్నాను, అదేదో మంచి జవాబు అన్నట్టు.

"పీకే ఆయా తో క్యా, నీంద్ మే ఆయా తో క్యా. బండీ తో గిరీ నా?" అన్నాడాయన.

తాగి వస్తే ఏంటి, నిద్రలో వస్తే ఏంటి, బండి పడింది కదా! ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఒక్క మాట.

మత్తు అనగానే మనకి మందు ఒక్కటే గుర్తొస్తుంది. మందు సంగతే ముందు చూద్దాం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. దానికి ముందు ట్రాఫిక్ శిక్షణ సంస్థలో ఇంటివాళ్లని వెంటబెట్టుకొని కౌన్సెలింగ్‌కి కూర్చోవాలి. మనలో చాలామందికి జరిమానా కంటే అదే పెద్ద శిక్ష.

మనం ఊదే మిషన్‌లో ఉండేది చాలావరకు ఫ్యూయెల్ సెల్. ఊపిరిలోని ఆల్కహాల్ ప్లాటినం ఎలక్ట్రోడ్ మీద ఆక్సీకరణ చెంది కొద్దిపాటి కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటుని బట్టి రక్తంలో ఎంత ఉందో లెక్క కడుతుంది. సోంపు నమిలినా, చూయింగ్ గమ్ వేసుకున్నా నోటి వాసన మారుతుందేమో గానీ, ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలిలో ఆల్కహాల్ తగ్గదు. బ్లాక్ కాఫీ, చన్నీళ్ల స్నానం కూడా అంతే. కాలేయం గంటకి సుమారు 10 నుంచి 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే దించుతుంది. అర్ధరాత్రి 90 ఉన్నవాడు 30కి రావాలంటే నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. అంటే తెల్లారి "దిగిపోయింది" అనుకొని బండి తీసినా దొరికిపోవచ్చు.

ఇది మనకి దూరపు విషయం కాదు. 2016 జూలై 1న పంజాగుట్టలో మన వయసు ఇంజినీరింగ్ విద్యార్థులు తాగి నడిపిన కారు డివైడర్ దాటి ఎదురుగా వస్తున్న ఒక కుటుంబం కారు మీద పడింది. పదేళ్ల పాపతో సహా ఆ ఇంట్లో ముగ్గురు పోయారు. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకి మద్యం అమ్మడమే నేరమన్న సంగతి ఆ తర్వాతే చాలామందికి తెలిసింది.

ఇక నా సంగతి. 1997లో ఆస్ట్రేలియాలో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. వరసగా 17 గంటలు మేలుకొని ఉన్నవాళ్ల చేతి, కంటి సమన్వయం రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాళ్ల స్థాయికి పడిపోయింది. 24 గంటలైతే దాదాపు 100. మన చట్టం పెట్టిన గీత 30. నేను ఆ రాత్రి 18 గంటలు దాటి మేలుకొని ఉన్నాను. అంటే పోలీసులు "పో తమ్ముడూ" అన్న నిమిషంలో, నా చేతులు, కళ్లు ఆ గీత దాటినవాడిలాగే ఉన్నాయన్నమాట. నిద్రని కొలిచే మిషన్ లేదు కాబట్టి దొరకలేదు.

దానికి తోడు గోలీ. సెట్రిజిన్, అవిల్ లాంటి జలుబు, అలర్జీ మందులు కొందరికి మగత తెప్పిస్తాయి. కొన్ని దగ్గు సిరప్‌లూ అంతే. అట్ట మీద చిన్న అక్షరాల్లో ఆ హెచ్చరిక ఉంటుంది, మనం చదవం. మత్తుమందుల ప్రభావంతో నడిపితే సెక్షన్ 185 వర్తిస్తుంది. శరీరం, మనసు సరిగా లేనప్పుడు తెలిసి నడపడం కూడా సెక్షన్ 186 కింద నేరమే.

లెక్క చూడండి. నా స్పీడు 30 మాత్రమే అనుకుందాం. సెకనుకి 8 మీటర్ల పైన. రెండు సెకన్లు కన్ను మూతపడితే 16 మీటర్లు ఎవరూ నడపని బండి పోతుంది. అదే ఫ్లైఓవర్ మీద 60లో మూడు సెకన్లంటే 50 మీటర్లు, దాదాపు చార్మినార్ ఎత్తంత దూరం!

మరి ఏం చేయాలి? నేను ఇప్పుడు పాటిస్తున్నవి చెప్తాను. బయటికి పోయే ముందే ఎవరు నడపాలో తేల్చుకుంటాం. తాగేవాడి తాళం ముందే తీసుకుంటాం, తాగాక అడిగితే ఇవ్వడు. రాత్రి బాగా పొద్దుపోతే మెట్రో ఉండదు కాబట్టి ఆటో డబ్బులు పక్కన పెట్టుకుంటాను. మందుల షాపులో "ఇది వేసుకొని బండి నడపొచ్చా?" అని అడుగుతాను. ఆవలింతలు ఆగకపోయినా, వచ్చిన దారి గుర్తులేకపోయినా బండి పక్కకి ఆపేస్తాను. ఇరవై నిమిషాల కునుకు కొంత పనిచేస్తుంది. చాయ్ కాసేపు లేపుతుంది కానీ నిద్ర బాకీ తీర్చదు. అన్నిటికంటే ముఖ్యమైనది, "ఈడనే పడుకోరా" అని ఎవరైనా అంటే పడుకుంటాను. వాడు ఆ రాత్రి ఒక్కసారి అని ఊరుకున్నాడు. మీరు మాత్రం తాళం లాక్కోండి.

మర్నాడు మా నాన్నతో కలిసి వెళ్లి చాచాకి పళ్ల డబ్బులు, చక్రం బాగు చేయించిన డబ్బులు ఇచ్చాను. ఆయన పళ్ల డబ్బులు తీసుకున్నాడు, చక్రానికి సగమే తీసుకున్నాడు. ఇప్పటికీ ఆ దారిన పోతే చెయ్యి ఊపి అడుగుతాడు: "సోకే ఆయా నా బేటా?"

పడుకొనే వచ్చావు కదా అని. బండి తాళం తిప్పే ముందు నన్ను నేను అడుక్కునే ప్రశ్న కూడా ఇప్పుడు అదే.